పన్నెండు దగ్గర ఒక మలుపు, అరవై దగ్గర ఇంకో మలుపు: జర్మానిక్ భాషల్లో అంకెల పేర్లు ఎలా పుట్టాయి

లూకా సువార్త 16వ అధ్యాయంలో ఒక గుమాస్తా కథ ఉంది. లెక్కలు అప్పజెప్పి వెళ్లిపొమ్మని యజమాని అనేసరికి, ఆ గుమాస్తా బాకీదారుల్ని ఒక్కొక్కరినే పిలిపించి పత్రాలు తిరగరాయిస్తాడు. నూరు కొలతల నూనె బాకీ ఉన్నవాడితో "యాభై అని రాయి" అంటాడు. నూరు కొలతల గోధుమలు బాకీ ఉన్నవాడితో "ఎనభై అని రాయి" అంటాడు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ ఈ కథని గోతిక్ భాషలోకి తెచ్చాడు. అందులో యాభైకి వాడినవి రెండు విడి మాటలు: 'ఫిమ్ఫ్' అంటే ఐదు, 'తిగ్' అంటే పది. ఐదు పదులు అన్నమాట. ఎనభైకి మాత్రం 'అహ్తౌతేహుంద్' అని ఒకే మాట. నూరుకి 'తెహున్‌తేహుంద్'.

ఒకే భాష, ఒకే కథ, పక్కపక్క వాక్యాలు. అయినా యాభైని కట్టిన తీరు వేరు, ఎనభైని కట్టిన తీరు వేరు. ఇవాళ్టి ఇంగ్లిష్‌లో ఫిఫ్టీ, ఎయిటీ చూస్తే ఈ తేడా ఉండేదని అనుమానం కూడా రాదు. గోతిక్‌లో అరవై దాకా ఒక పద్ధతి, డెబ్బై నుంచి నూరు దాకా ఇంకో పద్ధతి. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే జర్మానిక్ భాషల అంకెలన్నీ వరసగా బయటికొస్తాయి. లెక్క తెలిసిన పెద్దలెవరో కూర్చుని ఈ పేర్లు పెట్టలేదని, జనం నోటిమీద లెక్కపెడుతూ పెడుతూ మార్చుకున్నారని కూడా తెలుస్తుంది.

జర్మానిక్ అంటే ఇంగ్లిష్, జర్మన్, డచ్, స్వీడిష్, డేనిష్, నార్వేజియన్, ఐస్లాండిక్ వంటి భాషల కుటుంబం. వీటన్నిటికీ మూలమైన భాష క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందు దక్షిణ స్కాండినేవియా, ఉత్తర జర్మనీ ప్రాంతంలో మాట్లాడేవారు. అది రాతలో మిగల్లేదు. మిగిలినవాటిలో ఈ కుటుంబానికి చెందిన తొలి పెద్ద రచన వుల్ఫిలా బైబిలే. 6వ శతాబ్దంలో ఇటలీలో ఊదారంగు తోలుకాగితాల మీద వెండి, బంగారు సిరాలతో దానికి రాసిన ప్రతి ఒకటి ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో ఉంది. మొదట 336 పత్రాలు ఉండేవట, 188 మిగిలాయి. గోతిక్ మాట్లాడేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. పాత అంకెలు మాత్రం అందులో భద్రంగా ఉన్నాయి.

సంస్కృతం తెలిసిన చెవికి

తెలుగువాళ్లకి ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. మన ఒకటి, రెండు, మూడు ద్రావిడ మాటలు, వాటికీ జర్మానిక్‌కీ ఏ చుట్టరికమూ లేదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని 1816లోనే మద్రాసులో ఎఫ్.డబ్ల్యూ. ఎల్లిస్ రుజువులతో చూపించాడు. కానీ పంచాంగంలో, పూజలో, పెళ్లిలో సంస్కృత సంఖ్యలు మన చెవిన పడుతూనే ఉంటాయి. ఆ సంస్కృతమూ జర్మానిక్ భాషలూ ఇండో-యూరోపియన్ అనే ఒకే పెద్ద కుటుంబంలోవి. కాబట్టి గోతిక్ అంకెలు చదువుతుంటే మనకి సగం దారి తెలిసినట్టే ఉంటుంది. ద్వౌ, త్వై. త్రయః, థ్రీస్. షట్, సెహ్స్. సప్త, సిబున్. నవ, నియున్. దశ, తెహున్. అష్టౌకి అహ్తౌ అయితే దాదాపు ప్రాస కుదిరిపోతుంది.

పోలికలతో ఆగిపోతే ఇది సరదా కబురే. దీన్ని శాస్త్రంగా నిలబెట్టింది తేడాల్లో ఉన్న క్రమం. సంస్కృతంలో 'ద' ఉన్నచోట జర్మానిక్‌లో 'ట' వస్తుంది: ద్వి, టూ, దశ, టెన్. 'ప' ఉన్నచోట 'ఫ': పంచ, ఫైవ్. 'త' ఉన్నచోట ఇంగ్లిష్ 'థింక్'లో వినిపించే 'థ': త్రి, థ్రీ. ఇండో-యూరోపియన్ మూలభాషలో 'క' ఉన్నచోట 'హ' వస్తుంది. నూరుకి లాటిన్‌లో 'కెంతుమ్' అంటే గోతిక్‌లో 'హుంద్' అంటారు. సంస్కృతంలో ఆ 'క' కాస్తా 'శ' అయి 'శతం' అయింది. ఈ మార్పుల్ని డెన్మార్క్ పండితుడు రాస్ముస్ రాస్క్ 1818లో గమనించాడు, జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రంగా పెట్టాడు. అష్టౌ, అహ్తౌ రెండిట్లోనూ 'త' వర్గపు హల్లు మారకుండా ఉండిపోవడం కూడా ఆ సూత్రంలో భాగమే. ముందు గొంతు కంపించకుండా పలికే ఇంకో హల్లు ఆనుకుని ఉంటే రెండోది కదలదు.

అయితే ఒక చిక్కు మిగిలింది. 'శతం'లో 'త' ఉంది కాబట్టి సూత్రం ప్రకారం జర్మానిక్‌లో 'హుంథ్' రావాలి. వచ్చింది 'హుంద్'. 'సప్త'లో 'ప' ఉంది, 'ఫ' రావాలి. 'సిబున్'లో 'బ' వచ్చింది. ఇంకా విచిత్రం పది సంగతి. 'తెహున్'లో 'హ' ఉంది, అదే ధాతువు నుంచి వచ్చిన 'తిగ్'లో 'గ' ఉంది. ఇంగ్లిష్ టెన్, ట్వెంటీ చివర ఉన్న 'టీ' రెండూ ఇవే. పాత ఇంగ్లిష్‌లో ఆ 'టీ' కూడా 'తిగ్' అనే ఉండేది. జర్మన్‌లో ఇవాళ్టికీ 'త్సిగ్' అని రాస్తారు.

ఈ ముడి విప్పినవాడు కార్ల్ వెర్నర్ అనే డేనిష్ పండితుడు. 1877లో అచ్చైన అతని వ్యాసం ఆధారంగా తీసుకున్నది వేదస్వరాన్ని. వేదంలో 'దశ'కి ఉదాత్తం, అంటే ఎత్తి పలికే స్వరం, మొదటి అక్షరం మీద ఉంటుంది. 'శతం'కి, 'సప్త'కి చివరి అక్షరం మీద. 'చత్వారః'కి నడిమి అక్షరం మీద. ఇప్పుడు గోతిక్ పక్కన పెట్టి చూడండి. ఉదాత్తం హల్లుకి ముందున్న 'దశ'లో 'హ' అలాగే ఉంది: తెహున్. ఉదాత్తం హల్లు తర్వాత వచ్చిన మిగతా మూడింట్లో హల్లు మెత్తబడింది: హుంద్, సిబున్, ఫిద్వోర్. ఫిద్వోర్ అంటే నాలుగు. జర్మానిక్ భాషలు తర్వాత తమ పాత స్వరాన్ని పూర్తిగా పోగొట్టుకుని, ప్రతి మాటనీ మొదటి అక్షరం మీదే ఒత్తి పలకడం మొదలుపెట్టాయి. అంటే కారణం మాసిపోయింది, ఫలితం మిగిలింది. ఆ కారణం ఎక్కడ దొరికిందంటే, వేల మైళ్ల దూరంలో, వేదం వల్లెవేసేవాళ్ల నోళ్లలో. మన గుళ్లలో రుద్రాభిషేకం చివర చమకంలో సంఖ్యల వరుస వస్తుంది కదా, దాన్ని స్వరం తప్పకుండా చదివే ఘనాపాఠీలు కాపాడుతున్నది ఇలాంటి ఆనవాలునే. భాషల చరిత్రలో నన్ను ఇంతగా కదిలించిన రుజువు ఇంకొకటి లేదు.

నాలుగు ఎందుకు 'ఫ'తో మొదలైంది

వెర్నర్ తర్వాత కూడా నాలుగు, ఐదు లొంగలేదు. నాలుగుకి మూలరూపం దాదాపు 'క్వెత్వోరెస్'. సంస్కృతంలో చత్వారః, లాటిన్‌లో క్వత్తువోర్ అయింది. మూలభాషలోని 'క్వ' జర్మానిక్‌లో 'హ్వ' కావాలి. లాటిన్ 'క్వోద్' ఇంగ్లిష్‌లో 'వాట్' అయినట్టు. పాత ఇంగ్లిష్‌లో అది 'హ్వేత్'. ఆ లెక్కన నాలుగు 'హ్వెద్వోర్' లాంటిది కావాలి. కానీ గోతిక్‌లో ఫిద్వోర్, ఇంగ్లిష్‌లో ఫోర్, జర్మన్‌లో 'ఫీర్'. ఈ 'ఫ' ఎక్కడిది?

పక్కింటిది. నాలుగు తర్వాత ఐదు వస్తుంది. ఐదుకి మూలరూపం 'పెంక్వె'. సంస్కృతంలో పంచ, గ్రీకులో పెంతె. 'ప' మారి 'ఫ' అవడం సహజమే. గడబిడ రెండో హల్లు దగ్గర జరిగింది. 'ఫింహ్వ్' లాంటిది రావాల్సిన చోట, రెండో హల్లు కూడా మొదటిదాన్ని అనుకరించి 'ఫిమ్ఫ్' వచ్చింది. లాటిన్‌లో సరిగ్గా దీనికి ఎదురు జరిగింది. అక్కడ మొదటి హల్లే రెండోదాన్ని అనుకరించి 'క్వింక్వె' అయింది. ఒకే మాటని ఇద్దరు చెరోవైపు లాగారు.

ఒకసారి ఐదు 'ఫ'తో మొదలయ్యాక, నాలుగు దాని వెంట నడిచింది. ఎందుకంటే అంకెల్ని విడివిడిగా అనే సందర్భాల కంటే వరసగా అనే సందర్భాలే ఎక్కువ. గొర్రెల్ని తోలేటప్పుడు, బస్తాలు దింపేటప్పుడు, పిల్లలు ఆటలో లెక్కపెట్టేటప్పుడు నాలుగు అంటుండగానే నాలుక ఐదుకి సిద్ధమవుతూ ఉంటుంది. ఇది ఊహాగానమని తీసిపారేయడానికి లేదు, ఎందుకంటే వేరే భాషల్లో కూడా ఇదే జరిగింది. రష్యన్‌లో తొమ్మిది 'దేవ్యత్', పది 'దేస్యత్'. సంస్కృతం నవ, లాటిన్ నోవెమ్, గోతిక్ నియున్ అన్నీ 'న'తో మొదలవుతుంటే రష్యన్ తొమ్మిది ఒక్కటే 'ద'తో మొదలవడానికి పక్కనున్న పదే కారణం. లిథువేనియన్‌లోనూ అంతే. ప్రాచీన గ్రీసులోని ఎలిస్ ప్రాంతంలో ఎనిమిదిని 'ఒక్తో' అనకుండా 'ఒప్తో' అనేవారు. అక్కడ ముందున్న ఏడు 'హెప్త'.

ఇక్కడ ఇంకో వాదన కూడా ఉందని చెప్పాలి. మూల 'క్వ' కొన్నిచోట్ల పక్కింటి ప్రభావం లేకుండానే 'ఫ' అయింది. తోడేలుకి సంస్కృతంలో 'వృక', ఇంగ్లిష్‌లో 'వుల్ఫ్'. మాటలో ఇంకో పెదవి శబ్దం ఉంటే 'క్వ' కూడా పెదవుల మీదికి వస్తుందని కొందరు అంటారు. ఐదు విషయంలో ఈ వివరణ కూడా సరిపోతుంది. నాలుగుకి మాత్రం లెక్కపెట్టే వరుసే అసలు కారణమని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే మాట మొదట్లో ఉన్న 'క్వ' జర్మానిక్‌లో దాదాపు ఎప్పుడూ 'హ్వ'గానే తేలింది.

అసలు ఈ మాటల మొదటి అర్థాలేమిటి అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఐదుకీ వేలుకీ సంబంధం ఉందని, ఇంగ్లిష్ ఫైవ్, ఫింగర్, పిడికిలికి వాడే ఫిస్ట్ మూడూ ఒకే మూలం నుంచి వచ్చి ఉండొచ్చని చాలామంది ఒప్పుకుంటారు. ఎనిమిది రూపం ఇంకా ఆసక్తికరం. అష్టౌ, అహ్తౌ చివరున్న 'ఔ' ద్వివచన ప్రత్యయం. రామౌ అంటే ఇద్దరు రాములు అయినట్టు, అష్టౌ అంటే ఏవో రెండు 'అష్ట'లు. అవేమిటి? నాలుగు వేళ్ల వెడల్పు కొలతకి ప్రాచీన ఇరాన్ భాష అవెస్తన్‌లో 'అష్తి' అనే మాట ఉంది. కాబట్టి బొటనవేలు వదిలేసి నాలుగేసి వేళ్లు, రెండు చేతులకీ ఎనిమిది అని ఒక ఊహ. అది నిజమైతే తొమ్మిది దగ్గర కొత్త లెక్క మొదలవుతుంది. 'నవ' అంటే తొమ్మిదీ, కొత్తదీ కూడా కదా. జర్మానిక్‌లోనూ నైన్, న్యూ దగ్గర దగ్గరగా ఉంటాయి. వినడానికి ఎంతో బాగుంది, నమ్మాలనీ ఉంటుంది. కానీ మూలభాషకి ఇంకా వెనక్కి వెళ్లి చూసే సాధనం మన దగ్గర లేదు కాబట్టి దీన్ని ఊహగానే ఉంచాలి. ఇంటర్నెట్‌లో దీన్ని తేలిపోయిన సత్యంలా రాసేస్తుంటారు, అది పద్ధతి కాదు.

ఒకటి గురించి ఒక్క మాట. గోతిక్ 'ఐన్స్', లాటిన్ 'ఊనుస్' ఒకే మాట. సంస్కృతం 'ఏక' మొదటి సగం వరకే వాటితో కలుస్తుంది, చివరి ప్రత్యయం వేరు.

పది పోగా మిగిలినవి

పదమూడు నుంచి జర్మానిక్ అంకెలు సూటిగా ఉంటాయి. గోతిక్‌లో 15 అంటే ఫిమ్ఫ్‌తెహున్, ఐదు-పది. కానీ 11, 12 అలా ఉండవు. గోతిక్‌లో అవి ఐన్‌లిఫ్, త్వాలిఫ్. ఇంగ్లిష్ ఎలెవెన్, ట్వెల్వ్ వీటి తోబుట్టువులే. 'లిఫ్' అంటే మిగలడం. ఒకటి మిగిలింది, రెండు మిగిలాయి అని అర్థం. పది లెక్కపెట్టేశాక ఇంకా ఒకటి మిగిలింది అన్నమాట.

ఈ 'లిఫ్' ఏ ధాతువు నుంచి వచ్చిందన్న చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. రెండు అభ్యర్థులున్నాయి, రెండిటి సంస్కృత బంధువులూ మనకి తెలిసినవే. ఒకటి 'రిక్త', 'అతిరేకం'లో ఉన్న ధాతువు: వదిలేయడం, మిగల్చడం. రెండోది 'లేపనం'లో ఉన్నది: అంటుకోవడం, అంటిపెట్టుకుని ఉండిపోవడం. ఇంగ్లిష్ 'లీవ్', జర్మన్ 'బ్లైబెన్' ఈ రెండో దాని సంతానం. ఉచ్చారణ పరంగా చూస్తే 'లిఫ్'కి రెండోదే దగ్గర. కానీ పక్కనే ఉన్న లిథువేనియన్ వేరే సాక్ష్యం చెబుతుంది. అక్కడ 11 'వియెనువొలికా', 12 'ద్వీలికా'. చివరున్న 'లికా' స్పష్టంగా మొదటి ధాతువే. పైగా లిథువేనియన్ 12 దగ్గర ఆగదు, 19 దాకా ఇదే ప్రత్యయంతో వెళ్తుంది. ఇరుగుపొరుగు భాషలు రెండూ 'మిగిలింది' అనే ఒకే ఆలోచనతో పదకొండుని కట్టాయంటే అది కాకతాళీయం అనుకోలేం. 'వృక' 'వుల్ఫ్' అయినట్టే ఇక్కడా 'క్వ' 'ఫ'గా మారి, తర్వాత రెండు ధాతువులూ జనం మనసులో కలిసిపోయి ఉంటాయన్నది నాకు సబబుగా తోస్తుంది.

జర్మానిక్ వాళ్లు పన్నెండు ఆధారంగా లెక్కపెట్టేవారని, పదిని తర్వాత నేర్చుకున్నారని ఒక ప్రచారం ఉంది. ఆ మాటలే దాన్ని కొట్టేస్తున్నాయి. 'ఒకటి మిగిలింది' అనాలంటే ముందు పది తీసేసి ఉండాలి. పదే ఆధారం. అయితే పన్నెండు దగ్గర ఒక మజిలీ ఉండేది. ఆ మజిలీ ఎంత ముఖ్యమైనదో నూరు దగ్గరికి వెళ్తేగానీ తెలియదు.

అరవై దాటాక

ఇప్పుడు మొదటి ప్రశ్న. గోతిక్‌లో 20 నుంచి 60 దాకా 'తిగ్' అనే విడి మాట: రెండు పదులు, మూడు పదులు, ఆరు పదులు. 70 నుంచి 'తేహుంద్': సిబున్‌తేహుంద్, అహ్తౌతేహుంద్, నియున్‌తేహుంద్, తెహున్‌తేహుంద్. తప్పిపోయిన గొర్రె కథలో కూడా చూడొచ్చు. నూరు గొర్రెల్లో ఒకటి పోతే మిగిలిన తొంభైతొమ్మిదిని అడవిలో వదిలి వెతకడానికి వెళ్తాడు కదా, ఆ నూరు తెహున్‌తేహుంద్, తొంభైతొమ్మిది నియున్‌తేహుంద్-యహ్-నియున్. 'యహ్' అంటే మరియు.

గోతిక్ ఒక్కటే ఇలా ఉంటే అనువాదకుడి అలవాటు అనుకోవచ్చు. పాత ఇంగ్లిష్‌లో కూడా అరవై 'సిక్స్‌తిగ్', డెబ్బైకి మాత్రం ముందు ఒక 'హుంద్' తగిలించి 'హుంద్‌సెఒఫొన్‌తిగ్' అనేవారు. ఎనభై, తొంభై, నూరుకీ ఆ 'హుంద్' ఉంటుంది. అక్కడితో ఆగకుండా నూటపదికి 'పదకొండు పదులు', నూట ఇరవైకి 'పన్నెండు పదులు' అని అర్థమొచ్చే మాటలు కూడా ఉన్నాయి. ఉత్తర జర్మనీలో మాట్లాడిన పాత శాక్సన్‌లో డెబ్బై ముందు 'ఆంత్' అనే ముక్క వచ్చేది. ఆ ముక్క నుంచి మిగిలిన 'త' డచ్‌లో ఇంకా ప్రాణంతో ఉంది. డచ్‌లో ఎనిమిది 'ఆఖ్ట్', ఎనభై మాత్రం 'తాఖ్టిఖ్'. ఆ ముందున్న 'త' ఎక్కడిదో తెలియకుండానే నెదర్లాండ్స్ పిల్లలు రోజూ పలుకుతున్నారు.

1890లో యోహానెస్ ష్మిట్ అనే జర్మన్ పండితుడు దీనికి ఘనమైన వివరణ ఇచ్చాడు. అరవై ఆధారంగా లెక్కపెట్టింది బాబిలోన్ వాళ్లు. గంటకి 60 నిమిషాలు వాళ్ల నుంచి వచ్చినవే. కాబట్టి ఇండో-యూరోపియన్ జనం ఎప్పుడో బాబిలోన్ ప్రభావంలో ఉండి, అరవై దగ్గర గీత గీసుకున్నారు అన్నాడు. గ్రీకులో కూడా యాభై, అరవై ఒక రకంగా, డెబ్బై నుంచి ఇంకో రకంగా ఉండటం ఆయనకి బలమిచ్చింది.

దీన్ని పరీక్షించడానికి మనం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. సంస్కృతంలో పదుల వరుస ఒకసారి పైకి అనండి: వింశతి, త్రింశత్, చత్వారింశత్, పంచాశత్, షష్టి, సప్తతి, అశీతి, నవతి. ముప్ఫై నుంచి యాభై దాకా 'శత్', అరవై నుంచి 'తి'. మన షష్టిపూర్తిలో ఉన్న షష్టి అప్పటికే రెండో పద్ధతిలోకి వెళ్లిపోయింది. అంటే సంస్కృతంలో గీత యాభై తర్వాత పడింది, జర్మానిక్‌లో, గ్రీకులో అరవై తర్వాత పడింది. వీళ్లలో బాబిలోన్‌కి ఎక్కువ దగ్గరగా ఉన్నది ఇండో-ఇరానియన్ వాళ్లే, అంటే సంస్కృతం, ప్రాచీన ఇరాన్ భాషలు మాట్లాడినవాళ్లు. ప్రభావమే కారణమైతే గీత వాళ్ల దగ్గర సరిగ్గా అరవై తర్వాత పడి ఉండాలి. ఆ వాదన ఇవాళ నిలబడదు.

మరి 'తేహుంద్' ఏమిటి? త్రింశత్‌లోని 'శత్' అంటే నూరు కాదు, పదుల గుంపు. దశ, శత్, శతం మూడూ ఒకే మూలం నుంచి వచ్చాయి. మూలభాషలో పది 'దెక్మ్', నూరు '(ద్)క్మ్తోమ్'. పదుల పదే నూరు. జర్మానిక్ 'హుంద్'కి కూడా పాత అర్థం ఇదే అయ్యుంటుంది. అప్పుడు డెబ్బైలో, ఎనభైలో 'హుంద్' ఎందుకొచ్చిందన్న వింత తొలగిపోతుంది. అది నూరు గురించి చెప్పడం లేదు, పదుల గురించే చెబుతోంది. మాటని 'సిబున్-తేహుంద్' అని విడగొట్టాలా, 'సిబున్తే-హుంద్' అని విడగొట్టాలా అన్నదాని మీద పండితులు వందేళ్లకి పైగా వాదించుకున్నారు. ఎలా విడగొట్టినా, పై పదులు పాత పద్ధతిలో ఉండిపోయాయని, కింది పదుల్ని 'తిగ్'తో కొత్తగా కట్టుకున్నారని అనుకోవడమే నాకు సమంజసంగా కనిపిస్తుంది. కొత్త కట్టడం అరవై దగ్గరే ఎందుకు ఆగింది? ఎందుకంటే వాళ్ల పెద్ద లెక్క నూరు దగ్గర ఆగేది కాదు. నూట ఇరవై దగ్గర ఆగేది. నూట ఇరవైలో సగం అరవై.

నూరు అంటే ఎంత

మధ్యయుగంలో ఐస్లాండ్, నార్వే వైపు మాట్లాడిన పాత నార్స్ భాషలో 'హుంద్రద్' అంటే 120. నూరుకి 'తీయు తిగిర్', పది పదులు. నూటపదికి 'ఎల్లిఫు తిగిర్', పదకొండు పదులు. పన్నెండు పదులైతే అప్పుడు ఒక హుంద్రద్. ఈ సంగతి నిఘంటువుల్లో చదివితే నమ్మబుద్ధి కాదు. నమ్మాలంటే ఆరి థోర్గిల్‌సన్ రాసింది చూడాలి. 12వ శతాబ్దం తొలి దశకాల్లో ఐస్లాండ్ చరిత్రని మొదటిసారి ఆ దేశపు భాషలో రాసినవాడు ఆరి. తమ పూర్వులు ఏడాదికి ఎన్ని రోజులని లెక్కగట్టారో చెబుతూ మూడు రకాలుగా చెప్పాడు. 'నాలుగో హుంద్రద్‌లో నాలుగు రోజులు' అన్నాడు. అంటే మూడు హుంద్రద్‌లు పూర్తయి, నాలుగోదాంట్లో నాలుగు. తర్వాత 'ఆరో పదిలో రెండు వారాలు', అంటే 52 వారాలు. ఆ తర్వాత 'ముప్ఫై రాత్రుల నెలలు పన్నెండు, పైన నాలుగు రోజులు'.

కూడి చూడండి. పన్నెండు ముప్ఫైలు 360, పైన నాలుగు 364. యాభైరెండు వారాలు, వారానికి ఏడు రోజులు, 364. ఇక మొదటిది. హుంద్రద్ అంటే 100 అయితే 304 వస్తుంది, లెక్క కుదరదు. 120 అయితే మూడు నూట ఇరవైలు 360, పైన నాలుగు, 364. మూడు లెక్కలూ ఒకదాన్నొకటి ఒప్పుకోవాలంటే హుంద్రద్ 120 కావాల్సిందే. ఆరి మనకోసం రుజువు రాయలేదు. తన పాఠకులకి అర్థమయ్యే మాటల్లో ఏడాది పొడవు చెప్పాడు, అంతే. ఆ ఏడాది అసలు ఏడాది కంటే ఒక రోజుకి పైగా తక్కువ కావడంతో వేసవి మెల్లగా వసంతంలోకి జరిగిపోయిందని, తర్వాత దాన్ని సవరించారని కూడా రాశాడు.

ఇది తేలకపోతే ఏం నష్టం అనుకోవచ్చు. అదే ఆరి, 11వ శతాబ్దం చివర గిజుర్ బిషప్ చేయించిన లెక్క ఒకటి ఇచ్చాడు. దేశసభకి వెళ్లే ఖర్చు కోసం రుసుము కట్టాల్సిన రైతులు తూర్పు భాగంలో ఏడు హుంద్రద్‌లు, దక్షిణాన పది, పడమట తొమ్మిది, ఉత్తరాన పన్నెండు. మొత్తం 38. నూరుతో గుణిస్తే 3,800 మంది. నూట ఇరవైతో గుణిస్తే 4,560 మంది. మధ్యయుగపు ఐస్లాండ్ జనాభా అంచనాలు చాలావరకు ఈ వాక్యం మీదే మొదలవుతాయి. ఒక్క మాట అర్థం తప్పితే 760 కుటుంబాలు లెక్కలోంచి జారిపోతాయి. చరిత్రకారులు 4,560నే తీసుకుంటారు.

గోత్‌లకి కూడా ఈ పెద్ద నూరు తెలిసే ఉంటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఐదు వందల మంది సోదరుల ప్రస్తావన ఉన్నచోట గోతిక్ ప్రతిలో 'ఫిమ్ఫ్ హుందమ్' పక్కన 'తెహున్‌తేవ్యమ్' అని ఒక మాట అదనంగా ఉంటుంది. పదుల వరసలో లెక్కించిన వందలు అని దానికి అర్థం చెబుతారు. గ్రీకు మూలంలో ఆ మాట లేదు. ఐదు నూట ఇరవైలు అని చదువరి పొరబడకుండా పెట్టిన జాగ్రత్త అది. అలా చూస్తే నూరుకి 'పది పదులు' అనే పొడవాటి మాట వాడటం కూడా అర్థమవుతుంది. చేతిలో 'హుంద్' ఉండగా 'తెహున్‌తేహుంద్' అనడం వృథా కాదు. పొట్టి మాట రెండు రకాలుగా వినపడే చోట పొడుగు మాట గొడవ లేకుండా చేస్తుంది.

హండ్రెడ్ అనే మాటే ఈ అవసరంలోంచి వచ్చింది. 'హుంద్'కి 'రద్' తోడైంది. రద్ అంటే లెక్క. గోతిక్‌లో 'రథ్యో' అంటే లెక్క, లెక్క అప్పజెప్పడం. యజమాని గుమాస్తాని పిలిచి 'నీ పెత్తనపు లెక్క అప్పజెప్పు' అన్నచోట వుల్ఫిలా వాడిన మాట అదే. కాబట్టి హండ్రెడ్ అంటే మొదట్లో నూరు కాదు, 'హుంద్-లెక్క', ఒక లెక్కింపు పద్ధతి పేరు. ఎంత అన్నది ఏ పద్ధతి అన్నదాన్ని బట్టి ఉండేది. ఐస్లాండ్‌లో ఆస్తి విలువని కూడా ఇందులోనే కట్టేవారు. 120 మూరల నేతగుడ్డ ఒక హుంద్రద్, ఒక ఆవు ధర ఒక హుంద్రద్. పొలాలకి హుంద్రద్‌లలో విలువ కట్టడం శతాబ్దాల తరబడి సాగింది. చర్చితో పాటు లాటిన్ లెక్క వచ్చాక, ఏది ఏదో తెలియడానికి 'పదుల నూరు', 'పన్నెండుల నూరు' అని విడమర్చి రాయాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో చేపల బజారులో, మేకుల అమ్మకంలో నూట ఇరవై నూరు చాలాకాలం నడిచింది.

వెయ్యి సంగతి దీనికి కొనసాగింపే. సంస్కృతం సహస్రానికీ, గ్రీకు 'ఖీలియోయ్'కీ చుట్టరికం ఉంది. జర్మానిక్‌కి ఆ మాట లేదు. గోతిక్ 'థూసుంది', ఇంగ్లిష్ థౌజండ్‌కి బంధువులు లిథువేనియన్ 'తూక్స్తాంతిస్', రష్యన్ 'తీస్యచ'. ఉత్తర యూరప్ వాళ్లు తమలో తాము కట్టుకున్న మాట ఇది. మొదటి సగం ఉబ్బడం, బలవడం అనే అర్థమున్న ధాతువు. వేదంలో బలానికి వాడే 'తవస్' దాని బంధువే. రెండో సగం మన పాత 'హుంద్' అని ఎక్కువమంది అంటారు. బలిసిన వంద. అంటే మొదట ఇదొక కచ్చితమైన సంఖ్య అయ్యుండకపోవచ్చు, 'లెక్కలేనన్ని' అనే అర్థంలో వాడి ఉండొచ్చు. గోతిక్‌లో ఇది నామవాచకం లాగే నడుస్తుంది, స్త్రీలింగం, బహువచనం కూడా ఉంటుంది. నార్స్‌లో స్థిరపడేసరికి పది హుంద్రద్‌లు ఒక 'థూసుంద్' అయింది. హుంద్రద్ 120 కాబట్టి ఆ వెయ్యి 1,200. పాత నార్స్ గాథల్లో ఓడల సంఖ్య, సైన్యం సంఖ్య కనపడిన ప్రతిచోటా అది 1,000గా తీసుకోవాలో 1,200గా తీసుకోవాలో అనువాదకులు ఇవాళ్టికీ ఆగి చూసుకోవాల్సిందే.